మైనం పక్కన ఎవరిని కూర్చోబెట్టాలి

మా ఇంట్లో కొబ్బరినూనె గడ్డకట్టదు. డిసెంబరులో ఊరంతా సీసాలను ఎండలో నిలబెట్టి, వేణ్ణీళ్ల గిన్నెలో ముంచి, పుల్ల పెట్టి కెలికి నానా తిప్పలు పడుతుంటే, మా బీరువాలో సీసా మాత్రం ఏప్రిల్ నెలలో ఉన్నట్టే ఉంటుంది. గొప్పకు చెప్పడం లేదు, ఫిర్యాదు చేస్తున్నాను. నాచారంలో మేముండే అపార్ట్‌మెంటుకూ దాని వెనకున్న బేకరీకీ మధ్య కాస్త జాగా వదలాలన్న సంగతి కట్టినవాళ్లకు తట్టలేదు. మా పడగ్గది గోడే వాళ్ల బట్టీ గోడ. బీరువా ఆ గోడకే ఆనుకుని ఉంటుంది, గదిలో అది పట్టే చోటు అదొక్కటే. అందువల్ల నా చొక్కాలు ఉస్మానియా బిస్కెట్ల వాసన వేస్తాయి. మా ఆవిడ బొట్టుబిళ్లల జిగురు కరిగి, అన్నీ ఒకదానికొకటి అతుక్కుని, ఒకే పెద్ద బొట్టుగా తయారవుతాయి. కరెంటు పోతే పనికొస్తాయని దాచిన కొవ్వొత్తులు వచ్చినవాళ్లకు నమస్కారం పెడుతున్నట్టు వంగి ఉంటాయి.

ఒకసారి వెళ్లి బేకరీ యజమానితో మాట్లాడాను. ఆయన నా మాట శ్రద్ధగా విని, ఒక దిల్‌పసంద్ ముక్క చేతిలో పెట్టాడు.

"సలికాలం ఫిరీగ హీటర్ దొరికింది గద సార్," అన్నాడు.

"మరి ఎండాకాలం?"

"ఎండాకాలం హాల్ల పండుకోన్రి."

ఆ విధంగా సమస్య పరిష్కారమైంది.

గోడకు అవతల ఏముందో చూసుకోకుండా కట్టే మనుషుల మీద నాకు కొంచెం ఎక్కువ కోపమే ఉంది. అది వృత్తి వల్ల వచ్చింది. గోడకు అవతల ఏముంది అని అడగడానికే నాకు జీతమిస్తారు.

ఉప్పల్ నుంచి నాచారం వచ్చే దారిలో ఒక మూడంతస్తుల భవనం ఉంది. కింద టైర్ల దుకాణం, దాని మీద నడుంనొప్పుల క్లినిక్కు, ఆ పైన మేము. రసాయనాలు మోసే ఓడలు కొన్ని ఎక్కడెక్కడో సముద్రాల మీద తిరుగుతుంటాయి. వాటిలో ఏ ట్యాంకులో ఏది పోయవచ్చో, దేని పక్కన ఏది ఉండకూడదో మేము ఇక్కడ కూర్చుని చెబుతాం. మా కిటికీలోంచి కనబడే నీళ్ల వాహనం ఒక్కటే, వాటర్ ట్యాంకరు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. "ఓడల కంపెనీలో పని" అని పెళ్లిచూపుల్లో చెప్పినప్పుడు మా మామగారు నా భుజాల వైపు చూసి, ఈదడం వచ్చా అని అడిగారు. రాదన్నాను. అయినా పిల్లనిచ్చారు.

ఈ ఓడల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఆర్టీసీ బస్సును ఊహించుకోండి. మధ్యలో నడిచే దారి లేదు, ఎడమ సీటూ కుడి సీటూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వాటి వెనక ఇంకో జత, దాని వెనక ఇంకో జత. ఒక్కో సీటు ఒక్కో ట్యాంకు. ఎక్కేవాళ్లు రకరకాల వాళ్లు. ఒకరు ఆమ్లం, ఒకరు కాస్టిక్ సోడా, ఒకరు స్పిరిట్టు. మధ్యలో ఉన్నది ఒక్క ఇనుప గోడ. ఆ గోడకు ఎక్కడో సన్నటి పగులు వచ్చిందనుకోండి, పక్క సీటువాళ్లు కలుసుకుంటారు. కొందరు కలుసుకున్నా ఏమీ అనుకోరు. కొందరు కలుసుకుంటే ఓడ ఉండదు.

ఎవరికి ఎవరితో పడదో చెప్పే పట్టిక ఒకటి ఉంది. అడ్డంగా కొన్ని గడులు, నిలువుగా కొన్ని గడులు. రెండూ కలిసే చోట ఇంటూ గుర్తు ఉంటే పక్కపక్కన పెట్టకూడదు. వాళ్ల మధ్య రెండు గోడలు ఉండాలి. అంటే నడుమ ఖాళీ ట్యాంకైనా ఉండాలి, ఇద్దరితోనూ పొసగే మూడో మనిషైనా ఉండాలి. రెండు ట్యాంకులు మూలకు మూల మాత్రమే తాకితే మాత్రం రెండు గోడలు ఉన్నట్టే లెక్క, దానికి అభ్యంతరం లేదు. పట్టిక ఒకే ఒక్క పేజీ. దాని కింద మినహాయింపులు చాలా పేజీలు. మా బంధువర్గం కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది కాబట్టి నాకు పని త్వరగా పట్టుబడింది.

ఓడలో చీఫ్ ఆఫీసర్ అని ఒకాయన ఉంటాడు. సరుకు బాధ్యత ఆయనది. ఏ సరుకు ఎక్కడ పోయాలో బొమ్మ గీసి మాకు పంపుతాడు. మేము చూసి "నో అబ్జెక్షన్" అని జవాబిస్తాం. అది వెళ్లేదాకా ఓడలో ఒక్క చుక్క పొయ్యరు. ఒక ఓడెడు మనుషులు నా అభ్యంతరం కోసం ఎదురుచూడడం నాకిప్పటికీ కొత్తగానే ఉంటుంది. ఇంట్లో నా అభ్యంతరాలు ఎవరూ అడగరు.

మా పైన ఒక పెద్దాయన ఉన్నారు. విశాఖపట్నం వారు, సగం జీవితం ఓడల్లో కెప్టెన్‌గా గడిపి, ఇప్పుడు నాగోల్‌లో స్థిరపడ్డారు. అక్కడినుంచి ఉప్పల్‌కు మెట్రోలో ఒక్క స్టేషనే. ఆ కాస్త దూరమూ తలుపు దగ్గర నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, హైదరాబాదును గమనిస్తూ వస్తారు. ఆయనకు కంప్యూటర్ మీద నమ్మకం లేదు. తెర మీద ఆకుపచ్చ రంగు వచ్చినంత మాత్రాన ఆయన ఒప్పుకోరు. ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. మేము సరుకుగా మారి, నోటితో సాక్ష్యం చెప్పాలి.

"ఎవరు నువ్వు?" అని ఆయన అడుగుతారు.

"నేను కాస్టిక్ సోడాని."

"పక్కన ఎవరు?"

"కందెన నూనె."

"వెనక?"

"అదీ కందెన నూనే."

"మూలకి?"

"ఖాళీ అండి."

"ఒంట్లో ఎలా ఉంది?"

చివరి ప్రశ్నకు మనం మన వేడి, చలి, చిక్కదనం చెప్పుకోవాలి. ఇలా అన్ని ట్యాంకులూ అయ్యేదాకా సాగుతుంది. కొత్తలో సిగ్గుపడ్డాను. కింది క్లినిక్కులో నడుంనొప్పికని వచ్చిన ఒకావిడ మెట్లు లెక్క తప్పి మా దాకా ఎక్కి, "నేను గంధకామ్లాన్ని, నా వెనక ఎవరూ లేరు" అని నేను గట్టిగా చెబుతుండగా తలుపు తీసింది. నొప్పి సంగతి మరిచిపోయి చాలా చురుగ్గా దిగిపోయింది.

మాఘమాసంలో ఒక బుధవారం పొద్దున, గుజరాత్ వైపు ఒక రేవు బయట లంగరు వేసుకుని ఉన్న ఓడ నుంచి బొమ్మ వచ్చింది. వెనకాలే ఫోను. "గుడ్ మార్నింగ్ సర్, చీఫ్ ఆఫీసర్ హియర్" అంటూ చక్కటి ఇంగ్లీషు మొదలైంది. మధ్యలో లైను గరగరలాడింది. అటువైపు గొంతు తనలో తాను గొణుక్కుంది.

"ఏందిర బై ఈ నెట్టు..."

"నెట్టు గిట్లనే ఉంటది తమ్మీ," అన్నాను. "ఉప్పల్ల గూడ గిట్లనే ఉంది."

అటువైపు ఇంగ్లీషు అక్కడితో ఆగిపోయింది.

"అన్నా! మనోళ్లా మీరు? యాడ?"

"నాచారం."

"మాది దమ్మాయిగూడ అన్నా! మల్లాపూర్ రోడ్డు ఏసిన్రా?"

"ఏసిన్రు. మళ్ల తవ్విన్రు."

"ఇగ మారదు అది," అన్నాడు తృప్తిగా. అరేబియా సముద్రంలో ఉన్న మనిషికి సొంత ఊరి గుంతలు అట్లే ఉన్నాయని తెలిస్తే ఎంత ధైర్యమో. తర్వాత గొంతు తగ్గించాడు. "అన్నా, ఒక మాట. ఆదివారం నా పెండ్లి."

"ఏ ఆదివారం?"

"ఇగో, వచ్చే ఆదివారమే. కీసరల."

విషయం ఇది. ఆయన స్థానంలో ఎక్కాల్సిన ఆఫీసర్ రేవు ఊళ్లో హోటల్లో కూర్చున్నాడు. ఓడ రేవులోకి వెళ్లి సరుకు ఎక్కించుకుంటే ఆయన ఎక్కుతాడు, ఈయన దిగుతాడు. రేవులోకి వెళ్లే వంతు ఆ సాయంత్రానికే ఉంది. మధ్యాహ్నం లోపల మా జవాబు అందకపోతే ఆ వంతు వెనకున్న ఓడకు ఇచ్చేస్తారు. అప్పుడు వీళ్లు మళ్లీ వరుసలో నిలబడాలి. ఆ వరుస ఆదివారం దాటుతుంది.

"ఇంత దగ్గర పెట్టుకున్నవేంది తమ్మీ ముహూర్తం?"

"పెట్టినప్పుడు దూరమే ఉండే అన్నా. నడుమ రెండు పోర్టులు లేటైనయ్."

"పిల్ల ఏమంటది?"

"నాచారంలనే దవాఖానల ల్యాబ్ టెక్నీషియన్. 'నువ్వు రాకుంటే నీ యూనిఫారం ఫొటో పక్కన కూసొని అక్షింతలు ఏయించుకుంట, ఎనక నీతోని మాటలుండయ్' అన్నది."

"మంచి పిల్ల."

"భయమైతుందన్నా. జర జల్ది సూడు."

జల్ది చూశాను. ఓడ చిన్నది. మన బస్సు లెక్కన నాలుగు వరుసలు, వరుసకు రెండు సీట్లు. చివరి వరుస రెండు సీట్లలోనూ ప్లాస్టిక్కుకు ముడిసరుకైన స్టైరీన్ ముందే ఎక్కి కూర్చుని ఉంది. అది వేరే రేవులో ఎక్కిన సరుకు, కదిలించడానికి లేదు. మూడో వరుసలో ఎడమవైపు మైనం, కుడివైపు ఎసిటిక్ ఆమ్లం. మొదటి వరుస ఎడమవైపు కాస్టిక్ సోడా. మిగిలిన సీట్లన్నిటిలో ఎవరితోనూ పేచీ లేని కందెన నూనె. పట్టికలో చూస్తే ఎక్కడా ఇంటూ గుర్తు పడలేదు. ఆమ్లానికీ కాస్టిక్‌కూ పడదు, వాళ్ల మధ్య వరుస మొత్తం ఉంది. తెర మీద అన్ని గడులూ పచ్చగా మెరుస్తున్నాయి. పెళ్లికొడుకు గీసిన బొమ్మ శుభలేఖలా ఉంది.

"సార్, ఒక్కసారి," అని పెద్దాయన్ని పిలిచి, సాక్ష్యం మొదలుపెట్టాను. ఫోను స్పీకర్లోనే ఉంది.

"ఎవరు నువ్వు?"

"మైనాన్ని."

"పక్కన?"

"ఎసిటిక్ ఆమ్లం. గొడవ లేదు."

"వెనక?"

"స్టైరీన్. గొడవ లేదు."

"ఒంట్లో ఎలా ఉంది?"

"గడ్డకట్టకుండా వేడిగా ఉంచుతారండి. గొట్టాల్లో ఆవిరి పంపి, అరవై అయిదు డిగ్రీలు..."

అక్కడ ఆగిపోయాను. పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆయన కళ్లద్దాలు తుడిచారంటే ఎవరి సెలవో గల్లంతయినట్టు లెక్క.

మైనం, స్టైరీన్ కలిసినా కొట్టుకోవు. పట్టిక చెప్పింది నిజమే. కానీ పట్టికకు వేడి సంగతి తెలియదు. స్టైరీన్ చల్లగా ఉన్నంతసేపే ద్రవం. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చుంటుంది, సెగ తగిలిందో తనలో తానే ముడిపడడం మొదలుపెడుతుంది. ముడిపడేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా ముడిపడుతుంది. అదృష్టం బాగుంటే ట్యాంకు నిండా రాయిలాంటి ప్లాస్టిక్కు మిగులుతుంది. బాగాలేకపోతే ట్యాంకు కూడా మిగలదు.

"తమ్మీ," అన్నాను, "మైనం అక్కడ ఉండొద్దు."

"చార్టుల ఉంది గదన్నా! పచ్చగుంది!"

"పచ్చగనే ఉంది. నడుమ గోడ ఒక్కటే ఉంది."

"మూడు రోజుల తొవ్వ అన్నా. మైనానికి జర వేడి తక్కువ పెట్టమంట."

పెద్దాయన ఫోను వైపు వంగారు. "తక్కువ పెడితే గడ్డకడుతుంది బాబూ. అప్పుడు ఒత్తులు పెట్టి కొవ్వొత్తులు అమ్ముకోవాలి."

"సార్, నా పెండ్లి సార్."

"నాకూ సంతోషమే. కానీ స్టైరీన్‌కి నీ ముహూర్తం తెలీదు కదా."

అవతల కాగితాలు నలిగిన చప్పుడు. కోపమో ఏడుపో తెలియలేదు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి నేను మా బేకరీ గోడ గురించి చెప్పాను. బొట్టుబిళ్లల గురించి చెప్పాను. డిసెంబరులో కొబ్బరినూనె గురించి చెప్పాను. పెళ్లి ఆగిపోతున్న మనిషికి చెప్పాల్సిన కబుర్లేనా ఇవి అని పెద్దాయన నా వైపు ఒక చూపు చూశారు.

"నిజంగనే గడ్డకడ్తలేదా అన్నా?"

"చుక్క కూడ."

"ఇటుక గోడకే అట్లుంటే, ఇది ఇనుపదాయె." ఊపిరి వదిలిన శబ్దం వచ్చింది. "నేనంటే దిగిపోత. మావోళ్లందరు దాని మీదనే పండుకుంటరు గద. సరే, మారుద్దాం. జల్ది మారుద్దాం పాన్రి."

అప్పుడు మొదలైంది సీట్ల పంచాయితీ. ఆవిరి గొట్టాలు బాగా పనిచేసే ట్యాంకులు ఆ ఓడలో రెండే ఉన్నాయి. ఇప్పుడు మైనం అనుకున్నది ఒకటి, మొదటి వరుస ఎడమవైపు కాస్టిక్ అనుకున్నది ఒకటి. కాబట్టి మైనం ముందుకు పోవాల్సిందే.

"అయితే ఆ ఇద్దరిని అటిటు మారుద్దాం," అన్నాడు పెళ్లికొడుకు. "మైనం ముందటికి, కాస్టిక్ ఎనక్కి. అయిపాయె."

"కాస్టిక్ వచ్చి ఆమ్లం పక్కన కూసుంటది తమ్మీ."

"అవ్... అది కాదు. ఆమ్లాన్ని లేపుదామా?"

"యాడికి? దానికి స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకే కావాలె. మీకున్నది అదొక్కటే."

"ఏం కార్గో అన్నా ఇది! మా మేనత్త నయం, ప్లాస్టిక్ కుర్సీ ఏసినా కూసుంటది. కాస్టిక్‌ని మొదటి వరుసలనే కుడిపక్కకు జరుపుదామా?"

"పట్టదు. అది చిన్న ట్యాంకు."

ఇక మిగిలింది రెండో వరుస. కుడివైపు పెడితే దాని వెనకే ఆమ్లం. ఎడమవైపు పెడితే ముందు మైనం, పక్కనా వెనకా కందెన నూనె. ఆమ్లం మాత్రం ఏటవాలుగా, మూలకు మూల తగులుతుంది. మైనం సెగ కాస్టిక్‌కు కష్టం కాదు, అది చలికి గడ్డకట్టే రకం. మేమిద్దరం ఒకేసారి ఆ మాటే అన్నాం, నేను ఉప్పల్‌లో, అతను సముద్రంలో.

"మూలకు మూల! రూలు ఒప్పుకుంటది!"

"రూలు ఒప్పుకుంటుంది," అన్నారు పెద్దాయన. "కానీ ఏవయ్యా, అక్కడ నిజంగా మూల ఉందా?"

ఈ ప్రశ్నకు అర్థం ఓడెక్కినవాళ్లకే తెలుస్తుంది. మా తెర మీద ట్యాంకులన్నీ చదరంగం గడుల్లా సమానంగా కనబడతాయి. అసలు ఓడలో అలా ఉండాలని ఏమీ లేదు. ఎడమవైపు అడ్డగోడ ఒకచోట, కుడివైపు అడ్డగోడ దానికి జానెడు ముందుకు కట్టి ఉండవచ్చు. అప్పుడు తెర మీద మూలగా కనబడేది ఓడలో జానెడు గోడ అవుతుంది. ఆ జానెడు చాలు, ఆమ్లమూ కాస్టిక్కూ పొరుగువాళ్లయిపోతాయి.

"అసలు డ్రాయింగు మీ కంట్రోల్ రూము గోడకి ఉంటుంది బాబూ. ఫొటో తీసి పంపించు."

మొదటి ఫొటో వచ్చింది. అద్దం మీద ఫ్లాష్ పడి, సరిగ్గా మాకు కావలసిన మూలలో తెల్లటి మచ్చ. డ్రాయింగులో మిగతా చోట్లన్నీ అద్భుతంగా ఉన్నాయి. రెండో ఫొటోలో ఆ మూలను చూపిద్దామని బొటనవేలు పెట్టాడు. వేలు పూర్తిగా మూల మీదే ఉంది.

"ఏలు తీయ్ తమ్మీ."

"చేతులు వణుకుతున్నయన్నా."

"రేపు తాళి కట్టేటప్పుడు గూడ గిట్లనే వణుకుతయ్. ఇప్పుడే అలవాటు చేసుకో."

మూడో ఫొటో శుభ్రంగా వచ్చింది. పెద్దాయన సొరుగులోంచి స్టీలు స్కేలు తీసి, తెర మీద ఆనించి, ఒక కన్ను మూసి చూశారు. కుర్చీలోంచి లేచి ఇంకోవైపు నుంచి చూశారు. ఇంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉన్న ఆఫీసులో ఆ స్కేలే ఆఖరి మాట చెబుతుంది. ఎడమ గోడా కుడి గోడా ఒకే గీతలో ఉన్నాయి.

"సూటిగా ఉంది. మూలే," అన్నారు. "మళ్లీ మొదట్నుంచి చెప్పండి."

మళ్లీ అన్ని ట్యాంకులూ చెప్పాం. ఈసారి ఓడలోంచి పెళ్లికొడుకు కూడా కలిశాడు. "నేను కాస్టిక్ సోడాని, నా ముందట మైనం, నా మూలకు ఆమ్లం, ఒంట్ల మంచిగనే ఉంది" అని అతను గంభీరంగా చెబుతుంటే వెనక ఎవరో వేరే దేశపు నావికుడు కిసుక్కున నవ్వడం వినబడింది. పైపులు ఎవరివి వాళ్లకు వేరుగా ఉన్నాయా, ట్యాంకుల్లోని గాలి బయటికి వదిలే ఊపిరి గొట్టాలు ఎక్కడా కలవడం లేదు కదా అన్నది కూడా సరిచూశాం.

"మీరు గిట్ల రోజు అనుకుంటరా అన్నా, నేను మైనం, నేను యాసిడ్ అని?"

"రోజు."

"ఇంట్ల తెలుసా?"

"తెల్వదు. చెప్పకు."

మధ్యాహ్న భోజనానికి లేచే వేళకు నో అబ్జెక్షన్ వెళ్లింది. పెద్దాయన తమ డబ్బా తెరిచి, దొండకాయ వేపుడు తింటూ, "మా పెళ్లినాడు నేను సూయజ్ కాలువలో ఉన్నాను, ముహూర్తం మార్పించారు" అన్నారు. మరి మీ ఆవిడ ఏమన్నారని అడిగాను. ఇంకా అంటూనే ఉందన్నారు.

ఓడ రేవులోకి వెళ్లిందని సాయంత్రం కబురొచ్చింది. సరుకు ఎక్కడం, కొత్త ఆఫీసర్ ఎక్కడం, పాత ఆఫీసర్ దిగడం ఒకదాని వెనక ఒకటి జరిగాయి. శనివారం నా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. అందులో మనుషులెవరూ లేరు. మల్లాపూర్ రోడ్డు మీద ఒక పెద్ద గుంత ఉంది. కింద "ఇంటికొచ్చిన" అని రాశాడు.

ఆదివారం నేనూ మా ఆవిడా కీసర వెళ్లాం. గుట్ట కింద రోడ్డు పక్క ఫంక్షన్ హాలు. పెద్దాయన అప్పటికే వచ్చి, తెల్లచొక్కా ఇస్త్రీ నలగకుండా, చేతులు వెనక్కి కట్టుకుని హాలంతా ఒక చుట్టు చుట్టి వచ్చారు. జిలేబీ వేసే బాండీ పక్కనే ఐస్‌క్రీము డబ్బా పెట్టి ఉంది. ఆయన అక్కడ నిలబడి, ఐస్‌క్రీము పిల్లవాళ్ల గిన్నెల్లోకి పాయసంలా జారుతుంటే చూసి చూసి, "ఈ ప్లాను ఎవరు పాస్ చేశారండీ?" అని వడ్డించేవాణ్ణి అడిగారు. వాడు దండం పెట్టి ఇంకో జిలేబీ వేశాడు.

పెళ్లికొడుకును అప్పుడే మొదటిసారి చూశాను. గొంతును బట్టి బక్కపలచటివాడు అనుకున్నాను, తలుపు నిండా పట్టేంత ఉన్నాడు. ముఖం ఎండకు నల్లబడి, హెల్మెట్ పట్టీ ఉన్నచోట మాత్రం గడ్డం కింద తెల్లటి గీత మిగిలింది. మేకప్ చేసే అమ్మాయి ఎంత రుద్దినా అది పోలేదట. బాసికం కట్టుకుని, పీటల మీదనుంచే నన్ను గుర్తుపట్టి కేక వేశాడు. గుర్తుపట్టడానికి గొంతు తప్ప ఆధారం లేదు కదా అంటే, "స్టేజిని గట్ల కొలుస్తున్నట్టు సూసేటోళ్లు మీరు గాక ఇంకెవలుంటరన్నా" అన్నాడు. వెనక గోడకు ఇద్దరి పేర్లూ థర్మాకోల్ అక్షరాల్లో మెరుస్తున్నాయి. వాటిని వేలితో చూపించి, పంతులుగారు మంత్రం ఆపి చూస్తున్నా పట్టించుకోకుండా, "సూడు, మన స్టైరీనే! ముడిపడితే గిట్లుంటది!" అన్నాడు.

తాళి కట్టేటప్పుడు చేతులు వణకలేదు. నేను దగ్గరుండి చూశాను.

తర్వాత వాళ్ల అమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, కనబడ్డ చుట్టానికల్లా చూపించింది. "ఈ బిడ్డనే నాచారంలకెళ్లి ఓడను కదిలిచ్చిండంట. పేపర్ల సంతకం పెడ్తెనే కదిలిందంట." చుట్టాలు నన్ను తలనుంచి కాలి దాకా చూశారు. ఒక ముసలాయన అడిగాడు, "ఓడంటే ఎంతుంటదయ్యా, మన ఉప్పల్ స్టేడియమంత ఉంటదా?" మా ఆవిడ నా పక్కనే ఉంది. నేనేం చెబుతానో వినాలని ఆమె కూడా ఆసక్తిగా చూసింది. అంత ఉండదని, కాస్త సన్నగా ఉంటుందని చెప్పాను. పొరపాటయితే ఆ సముద్రదేవుడు క్షమించాలి. ఆ పూట నేను తిన్న మటన్ ముక్కలు, కట్టించుకున్న స్వీటు డబ్బాలు ఒక్క నో అబ్జెక్షన్‌కు ఎక్కువే అని నాకే అనిపించింది. కాదనలేదు.

ఫొటోల కోసం వరుసలో నిలబడి స్టేజి ఎక్కాం. పెద్దాయన పెళ్లికొడుకు భుజం తట్టి, ఆమ్లమూ మైనమూ క్షేమంగా పోతున్నాయా అని అడిగారు. పోతున్నయ్ సార్, స్టైరీన్ నీళ్లలెక్కనే ఉందంట అన్నాడతను. ఇద్దరూ చేతులు పట్టుకుని ఊపుకున్నారు. నేను పెళ్లికూతురికి నమస్కారం పెట్టాను. సన్నటి మనిషి, కళ్లజోడు, నుదుటి మీద బాసికం కొంచెం పక్కకు ఒరిగి ఉంది. పొద్దుటినుంచీ పొగకు ఎర్రబడిన కళ్లతో నన్ను పరీక్షనాళికను చూసినట్టు చూసింది.

"మీరేనా సార్, ఈయన్ని జల్ది తెప్పిచ్చింది?"

"నాదేముందమ్మా," అన్నాను, అలా అనమని ఎవరో అడిగినట్టు. "సారున్నరు, రూలుంది, ఓడల వాళ్లున్నరు. అందరం తలా ఒక చెయ్యి వేసినం."

ఫొటోగ్రాఫర్ ఇటు చూడమని అరిచాడు. ఆమె కెమెరా వైపు తిరిగి, చక్కగా నవ్వి, ఆ నవ్వు అలాగే పెట్టుకుని, పక్కనున్న నాకు మాత్రమే వినబడేటట్టు అంది.

"మూడు నెల్లకు మళ్ల ఎక్కుతడంట. తెచ్చేతందుకు గింతమంది ఉన్నరు గని సార్, ఆపేతందుకు ఒక్కరు లేరు."